రెండు చరుపులు

మా ఆయన మోకాళ్ళ సంగతి ముందు చెప్పాలి. మూడేళ్ళుగా అవి వంగవు. చర్చిలో వంగవు, కిందపడ్డ చెంచా తియ్యడానికి వంగవు, మేం కాపురముండే చక్రాల ఇల్లు, మా ట్రెయిలర్ కింద నీళ్ళ గొట్టం కారుతోంది చూడు మహాప్రభో అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వంగలేదు. ముసలి మోకాళ్ళు, ఎవర్నైనా పిలిపించుకో అన్నాడు. పిలిపించుకున్నాను. అలాంటిది ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం కిటికీ దగ్గర కాఫీ తాగుతూ చూద్దును కదా, పక్క స్థలంలో లొరెట్టా ట్రెయిలర్ కింద నుంచి నాలుగు కాళ్ళు బయటికి చాచుకుని ఉన్నాయి. గులాబీ రంగు బూట్లవి ఆవిడవి. తక్కిన రెండూ మా ఆయనవి. ఆ బూట్లు పుట్టినరోజుకి నేనే కొనిపెట్టాను.

ఇంకా కాఫీ ఏం తాగను. సింకులో పారబోశాను.

లొరెట్టా ఐడహో మనిషి. చలికి తట్టుకోలేక ఉత్తరాది నుంచి మాలాంటి ముసలి జనం పికప్పుల వెనక ట్రెయిలర్లు లాక్కుంటూ ఎడారి ఊరు యూమాలోని ఈ ట్రెయిలర్ల పార్కుకి వచ్చేస్తారు, ఏప్రిల్లో ఎండ ముదరగానే తిరిగి పోతారు. ఆవిడా మొగుడు జీన్‌తో పన్నెండేళ్ళుగా వస్తోంది. ఈసారి కూడా ఇద్దరే వచ్చారు. డిసెంబరులో ఒకరోజు జీన్ ట్రెయిలర్ మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయాడు. నేనూ ఏడ్చాను. పెద్ద గిన్నె నిండా నూడుల్సు, మాంసం కలిపి వండి పట్టుకెళ్ళాను, మూడు రాత్రులు ఆవిడ దగ్గరే పడుకున్నాను. జాలిపడవలసిన మనిషిగా ఉన్నంతకాలం లొరెట్టా నాకు చాలా మంచిది.

ఆ తర్వాత ఆవిడ తేరుకోవడం మొదలుపెట్టింది. అదే నాకు నచ్చలేదు.

ఐడహో కొండల్లో జనం గుడారాలు వేసుకునే అడవి మైదానం ఒకటుంది. మే ఒకటి నుంచి దాన్ని చూసుకునే మనిషిగా పని ఒప్పుకుంది. ఆ పని చేసేవాళ్ళు తమ ట్రెయిలర్లోనే అక్కడ కాపురముండాలి. సొంతిల్లు ఎప్పుడో అమ్మేశారు కాబట్టి ఆవిడకున్న గూడు కూడా ఆ ట్రెయిలరొక్కటే. వెయ్యి మైళ్ళ దారి. ఆవిడ పుట్టాక ఒక్క మైలు కూడా ట్రెయిలర్ లాగి ఎరగదు. లాగిందంతా జీనే.

సాయంత్రం నాలుగైతే మా వరసలో వాళ్ళందరం ఎవరి మడతకుర్చీ వాళ్ళు మోసుకుని, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని క్లైడ్ ట్రెయిలర్ ముందు గుండ్రంగా కూర్చుంటాం. క్లైడ్ డకోటాలో గోధుమ రైతు, నోటికి తాళం లేని మనిషి. అక్కడే మొదలైంది ఈ టైర్ల గొడవ. టైర్లకేం ఢోకా లేదు, కొత్తవాటిలా ఉన్నాయి, జీన్ వాటికి ఎండ తగలకుండా గుడ్డ తొడుగులు కూడా తొడిగేవాడు అంది లొరెట్టా. క్లైడ్ వెళ్ళి ఒక తొడుగు తీసి, గీతల్లో వేలు పెట్టి చూసి, ఇంకో పదేళ్ళు పరుగెడతాయని తేల్చేశాడు. వెండెల్, అంటే మా ఆయన, ఏమీ అనకుండా లేచాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మిన్నెసోటాలో జిల్లా రోడ్ల షెడ్డులో మెకానిక్కుగా చేసినవాడు. టైరు పక్కన చిన్న గడిలో అచ్చువేసిన నాలుగంకెలు వెతికి చదివాడు. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

"ఎనిమిదేళ్ళు. ట్రెయిలర్ టైరు అరిగి చావదు లొరెట్టా, వయసు మీద పడి చస్తుంది. పైకి నున్నగా ఉంటుంది. లోపల అట్ట అట్టగా విడిపోయి ఉంటుంది. డెబ్బై మైళ్ళ స్పీడులో ఉండగా పేలుతుంది."

ఆవిడ మొహం పాలిపోయింది. మరి ఏం కొనాలో నాకేం తెలుసు వెండెల్ అంది. నేర్పిస్తాను అన్నాడు. నాకు పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. నాకెప్పుడూ ఏదీ నేర్పిస్తానని అనలేదు.

ఇక చూడండి ఆ వారం రోజుల వైభోగం. మర్నాడు ఇద్దరూ కలిసి ట్రెయిలర్ని లారీల కాటా మీదికి తీసుకెళ్ళారు. నీళ్ళ తొట్టి నింపి, గ్యాసు సిలిండర్లు పెట్టి, అలమరల్లో గిన్నెలు, జీన్ చేపల గేలాలతో సహా, ప్రయాణానికి ఎలా ఉంటుందో అలాగే తూచాలట. ఒట్టి ట్రెయిలర్ బరువు చూసుకుని టైర్లు కొనేవాడు సగం దారిలో ఏడుస్తాడట. ఒక్కో చక్రం మీద ఎంత పడుతుందో లెక్కగట్టి, దానికి పైన ఇంకో అయిదో వంతు మోయగల టైర్లు ఎంచాలట. పికప్పు టైర్లు వేయిస్తే చాలదా అని క్లైడ్ అడిగితే, ట్రెయిలర్ మలుపు తిరిగేటప్పుడు చక్రాలు పక్కకి ఈడ్చుకుపోతాయి, ఆ ఈడ్పు తట్టుకోవాలంటే టైరు పక్కభాగం గట్టిదై ఉండాలి అని వెండెల్ పావుగంట చెప్పాడు. లొరెట్టా పుస్తకంలో రాసుకుంది. మధ్యలో తలెత్తి, "మళ్ళీ చెప్పు వెండెల్, ఆ ఈడ్పు సంగతి" అనేది. మా ఆయన మళ్ళీ చెప్పేవాడు. ఒకసారి తను చెప్పిన మాట నేను మళ్ళీ అడిగితే చెవుడా అనే మనిషి.

నిమ్మకాయ వేసి కాల్చిన తీపి బిళ్ళలు తెచ్చేది ఆవిడ. పుల్లటివి పడవని నాతో చేయించుకోవడం మానేసినవాడు ఒక్క కూర్చోవడంలో నాలుగు తిన్నాడు.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను కానీ మ్యాపుకి ఓర్చుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి మా భోజనాల బల్ల మీద పెద్ద రోడ్డు మ్యాపు పరిచి ఉంది. దాని మీద వంగి ఇద్దరూ. నెవాడా మీదుగా ఏ రోడ్డు నిటారుగా ఎక్కుతుంది, ఎక్కడ పెట్రోలు దొరకదు, ఎక్కడ రాత్రికి ఆగాలి, అంతా పసుపు పెన్సిలుతో గీస్తున్నాడు. ఆ మ్యాపు ఒకప్పుడు మాది. ప్రతి ఫిబ్రవరిలోనూ దాన్ని పరుచుకుని, ఈసారి ఆరెగాన్ సముద్రం వైపు పోదామా, మాంటానా పోదామా అని కొట్లాడుకునేవాళ్ళం. మూడేళ్ళయింది దాన్ని తెరిచి. మూడేళ్ళుగా మా ట్రెయిలర్ ఈ పార్కులో దిగేసిన గుంజలా ఉండిపోయింది. ఏప్రిల్ రాగానే దానికి తాళం వేసి, ఒట్టి పికప్పులో మూడు రోజులు మాటా పలుకూ లేకుండా మిన్నెసోటా పోతాం, అక్టోబరులో అలాగే తిరిగొస్తాం. ఎందుకని నేను అడగలేదు. వయసైపోయింది, ఓపికలేదు అనుకున్నాను. ఓపిక ఉందన్నమాట. నా కోసం లేదు, అంతే. ఉతికిన బట్టల బుట్ట తెచ్చి నెవాడా మీద పెట్టాను.

"అయ్యో, అడ్డమా" అంది లొరెట్టా లేస్తూ.

"లేదమ్మా, కూర్చో. నా ఇల్లే కదా, నేను బయట నిలబడతాను."

ఆ సాయంత్రం క్లైడ్ నన్ను వదిలిపెట్టలేదు. "ఏం ఆర్డిసమ్మా, మీ ఆయన్ని ఐడహో దాకా పంపిస్తావా, సగం దారిలో దింపేసుకుంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నా గ్లాసులోదంతా వాళ్ళ కాక్టస్ మొక్క మొదట్లో పోసేశాను.

చివరికి వెండెల్ ఊళ్ళో టైర్ల షాపుకి తన పేరు మీదే ఆర్డరు ఇచ్చాడు. బరువు తరగతి ఇది, రకం ఇది, అన్నిటికన్నా ముఖ్యం ఈ ఏడు తయారైనవే కావాలి, అంకెలు చూడకుండా ఒక్క టైరు తగిలించడానికి వీల్లేదు. కొత్త టైరని కొంటాం, షాపులో నాలుగేళ్ళు అరలో ఎండి ఉంటుంది, కొన్న రోజుకే దాని ఆయుష్షు సగం అయిపోయి ఉంటుంది అని కుర్చీల గుంపుకంతా చెప్పాడు. గుర్తుపెట్టుకోండి, ఆ మాట నేనూ విన్నాను.

మంగళవారం నాడు వెండెల్ నడుం పట్టేసింది. పట్టదూ మరి, అరవై ఏడేళ్ళ వయసులో పరాయి ఇరుసుల కింద దొర్లితే. మంచం మీద వేడినీళ్ళ సంచీ కింద బోర్లా పడి మూలుగుతుంటే పైకి అయ్యో అన్నాను కానీ లోపల పండగే చేసుకున్నాను. బుధవారం రెండింటికి లొరెట్టా ట్రెయిలర్ తీసుకుని షాపుకి వెళ్ళాలి. మొదటిసారి తనే లాగాలి. వెండెల్ వెళ్ళే ప్రసక్తే లేదు.

ఆ బుధవారం పది గంటలకి వెండెల్ ఫోను మోగింది. అది వంటగట్టు మీద ఛార్జింగులో ఉంది. ఆయన నిద్రపోతున్నాడు. తీశాను. టైర్ల షాపువాడు. పాపం మర్యాదస్థుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆర్డరు పెట్టినవి ఫీనిక్స్ నుంచి రాలేదు, వచ్చే గురువారానికి వస్తాయి. అదే సైజు, అదే తరగతి మా దగ్గర నాలుగున్నాయి కానీ నాలుగున్నర ఏళ్ళ కిందటివి, అరలోనే ఉన్నాయి, నేల మీద దొర్లలేదు. సారు తేదీ గురించి గట్టిగా చెప్పారు కాబట్టి అడుగుతున్నాను, అవే తగిలించమంటారా, వారం ఆగుతారా అన్నాడు.

వారం. ఇంకో వారం ఆ నిమ్మకాయ బిళ్ళలు. ఇంకో వారం గులాబీ బూట్లు. ఇంకో వారం మా బల్ల మీద మ్యాపు.

"ఉన్నవే తగిలించండి" అన్నాను.

సారు ఒప్పుకున్నారా అని అడిగాడు. ఒప్పుకున్నారన్నాను. ఫోను పెట్టేసి, గట్టు తుడిచి, ఇంకోసారి తుడిచాను. వెండెల్ లేచాక చెబుదామనుకున్నాను. లేచాడు. సూపు ఇచ్చాను. చెప్పలేదు.

నాలుగింటికల్లా రావలసిన మనిషి లొరెట్టా ఏడైనా రాలేదు. వెండెల్ మంచం మీద పడుకునే కిటికీ తెర తొలగించమంటాడు, వచ్చిందా అంటాడు, ఫోనెత్తడం లేదేమంటాడు. నేను మళ్ళీ గట్టు తుడిచాను. ఏడుంబావుకి హెడ్‌లైట్లు కనపడ్డాయి. ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతులకి నల్లటి మసి. షాపులో రద్దీ, ఆలస్యమైంది అంది.

"అంకెలు చూశావా?" అన్నాడు వెండెల్ లోపలినుంచి.

"చూశాను. బాగున్నాయి" అంది, నా వైపే చూస్తూ.

అంకెలు టైరుకి ఒక పక్కనే పూర్తిగా ఉంటాయి. ఆ పక్క లోపలికి వచ్చేలా బిగిస్తే కింద దూరితే తప్ప కనపడవు. చీకట్లో ఏం చూసి ఉంటుంది, వాడేదో చెప్పి ఉంటాడు, ఈవిడ నమ్మి ఉంటుంది అనుకున్నాను. వెయ్యి మైళ్ళే కదా, ఏం కాదులే అని కూడా అనుకున్నాను. గురువారమంతా అలా అనుకుంటూనే గడిపాను.

మా పార్కులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఊరికి బయల్దేరినా వాళ్ళ బండి వాళ్ళు చూసుకుంటే చాలదు. తన పని మీద ఎవరికైనా నమ్మకం ఎక్కువే కాబట్టి, పొరుగువాళ్ళు ఒకళ్ళు చుట్టూ తిరిగి చూడాలి. పికప్పుకి కొక్కెం పడిందా, గొలుసులు తగిలించారా, మెట్టు మడిచారా, లైట్లు వెలుగుతున్నాయా, చక్రాలు ఎలా ఉన్నాయి. అన్నీ చూసి, బాగుందనిపిస్తే ట్రెయిలర్ వెనక పక్కన అరచేత్తో రెండు చరుపులు చరుస్తారు. ఆ చప్పుడు వినేదాకా ఎవరూ బండి కదల్చరు. చరిచాక వెనక్కి చూడరు. ఎన్నేళ్ళుగానో ఇంతే. ఎంత తాగుబోతైనా, ఎంత గొడవల్లో ఉన్నవాడైనా ఆ చరుపుల దగ్గర అబద్ధం ఆడడు.

శుక్రవారం తెల్లారాక అందరూ రోడ్డు మీదికి వచ్చారు. వెండెల్ కర్ర పట్టుకుని మా మెట్ల దాకా రాగలిగాడు. కొత్తగా బిగించిన చక్రాల నట్లు యాభై మైళ్ళు పోయాక మళ్ళీ బిగించాలి, ఉత్తరాన సైనికుల భూములు దాటాక ఎడమ పక్కన ఖాళీ జాగా ఉంది, అక్కడే ఆగు అని లొరెట్టాకి అక్కడినుంచే మూడోసారి చెప్పాడు. చుట్టూ తిరిగి చూడడానికి క్లైడ్ ముందుకొచ్చాడు. లొరెట్టా ఆపింది.

"నువ్వు కాదు క్లైడ్. ఆర్డిస్ చూస్తుంది."

అందరి ముందూ కాదనలేను. తిరిగాను. కొక్కెం చూశాను, గొలుసులు చూశాను, లైట్లు చూశాను. టైర్ల దగ్గరికి వచ్చాను. నిగనిగలాడుతున్నాయి. బయటి పక్క అంకెల్లేవు. వంగి కింద చూడాలి. వంగలేదు. వంగితే చదవాలి, చదివితే చెప్పాలి, చెబితే వెండెల్ మెట్ల మీదే ఉన్నాడు. వెనక్కి వచ్చాను. రెండు చరుపులు చరిచాను. లొరెట్టా అద్దంలో నన్నొకసారి చూసి బండి కదిపింది. అందరూ చేతులూపారు. వెండెల్ కర్ర ఊపాడు.

ఆవిడ వెళ్ళిపోయింది. నాకు కావలసింది అదే కదా. కుర్చీలో కూర్చున్నాను. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. నా అరచెయ్యి ఇంకా చురుక్కుమంటూనే ఉంది. పాలు అయిపోయాయి, తెస్తానని వెండెల్‌తో చెప్పి పికప్పు తాళాలు తీసుకున్నాను. యూమాలో పాలు దొరికే దుకాణాలన్నీ దాటుకుని ఉత్తరానికి పోయాను. దారిలో ఎక్కడ ఒడ్డున టైరు ముక్క కనపడినా నా పైప్రాణం పైనే పోయింది. ఆ రోడ్డు నిండా టైరు ముక్కలే.

ఖాళీ జాగాలో ట్రెయిలర్ నిలబడి ఉంది. నిలువునా ఉంది. లొరెట్టా మోకాళ్ళ మీద కూర్చుని పానాతో నట్లు బిగిస్తోంది. నేను బండి దిగి కంకర మీద పడుకుని ట్రెయిలర్ కింద దూరాను, ఫోను లైటు వేసి మొదటి టైరు లోపలి పక్క చదివాను. ఆరో వారం, ఈ ఏడాది. నమ్మకం కలగలేదు. రెండోది, మూడోది, నాలుగోది. అన్నీ ఆరో వారమే. ఇరుసు గ్రీజు జుట్టుకి పూసుకుని బయటికి పాక్కుంటూ వచ్చాను.

లొరెట్టా పానా పక్కన పెట్టి నా కోసమే చూస్తోంది.

"వాడు మొదటిది తగిలించగానే చదివాను" అంది. "తీసెయ్యమన్నాను. ఫోన్లో ఎవరో ఆవిడ సరేనందమ్మా అన్నాడు. ఇంకో ఊళ్ళో షాపులో ఉన్నాయని కనుక్కుని నలభై మైళ్ళు పోయి వేయించుకొచ్చాను. అదీ ఆలస్యం."

"వెండెల్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఆయనతో నువ్వు బతకాలి. నాకు టైర్లతో బతికితే చాలు."

నిమ్మకాయ బిళ్ళల మనిషి నా మొగుణ్ణి నాకే దానం చేసినట్టయింది. సిగ్గేసింది, ఆ సిగ్గులో కూడా ఇంకాస్త కుళ్ళుకున్నాను. చూడండి నా బుద్ధి.

"నిజం చెప్పనా" అంది. "నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. అరవై ఎనిమిదేళ్ళ దాన్ని, మొగుడు పోయినదాన్ని, నన్ను చూసి ఒకావిడ కుళ్ళుకుంటోందంటే." నవ్వింది, మళ్ళీ ఆపేసింది. "ఫోన్లో మాట పోనీ. కోపంలో నోరు జారింది అనుకున్నాను. అందుకే ఇవాళ చుట్టూ తిరగమన్నాను. ఆగు లొరెట్టా అంటావేమోనని. నువ్వు తిరిగి తిరిగి, ఆలోచించుకుని, రెండూ చరిచావు ఆర్డిస్. అవి నేను మర్చిపోను."

పానా నా చేతికిచ్చింది. మిగిలిన చక్రం నట్లు నేను బిగించాను. ఒకటి వదిలి ఒకటి ఎదురెదురుగా బిగించాలని ఆవిడే నేర్పింది. ఆవిడ బండెక్కింది. ఈసారి ఎవరూ ఏమీ చరచలేదు. ఉత్తరానికి వెళ్ళిపోయింది.

పార్కుకి వచ్చాక పికప్పు దిగి తిన్నగా మా ట్రెయిలర్ కిందికే దూరాను. ఎందుకంటే చెప్పలేను. పదహారేళ్ళుగా అందులో పడుకుంటున్నాను, దాని చక్రం వైపు ఒక్కసారి తలతిప్పి చూసిన పాపాన పోలేదు. మూడు టైర్ల మీద తొమ్మిదేళ్ళ కిందటి అంకెలు. పక్కల్లో గోరు పట్టేంత పగుళ్ళు. నాలుగోది మాత్రం మూడేళ్ళది.

కర్ర చప్పుడైంది. వెండెల్ బూట్లు నా మొహం దగ్గరికి వచ్చి ఆగాయి.

"పాలేవి?" అన్నాడు.

"మూడు తొమ్మిదేళ్ళవి. ఒకటి మూడేళ్ళది. ఊరందరి టైర్లూ చూస్తావు. ఇవి కనపడలేదా నీకు?"

"ఆ ఒక్కటీ గాలప్‌లో వేయించింది."

గాలప్. మూడేళ్ళ కిందట, న్యూమెక్సికోలో ఎడారి రోడ్డు. టైరు పేలి, చక్రం మీది గదిని చీల్చుకుంటూ లోపలికొచ్చింది. మా అమ్మ ఇచ్చిన పింగాణీ పళ్ళేలన్నీ పొడైపోయాయి.

"రోడ్డు పక్కన కూర్చుని ఆ ముక్కలు ఏరుకుంటూ ఇక చచ్చినా ఈ డబ్బాతో రోడ్డెక్కనన్నావు" అన్నాడు వెండెల్. "నిన్ను చంపబోయానన్నావు. ఎక్కనన్నాక మళ్ళీ టైర్లెందుకు?"

అన్నాను. అన్న సంగతే మర్చిపోయాను. ఆ సాయంత్రం నాకు పోయిన పళ్ళేలు గుర్తున్నాయి, అన్న మాట లేదు. ఈయన మూడేళ్ళుగా ఆ మాట మోస్తూ, మ్యాపు మడిచి పెట్టి, నెపం మోకాళ్ళ మీదికి నెట్టేశాడు. నేను మూడేళ్ళుగా ఈయనకి నేను మొహం మొత్తాననుకున్నాను. పెళ్ళాం ఇక తనతో ఎక్కడికీ రాదనుకున్న మనిషి, వెళ్ళాలని తహతహలాడే మనిషి కనపడితే మ్యాపు పరచక ఏం చేస్తాడు.

"టైర్లు మారిస్తే ఎక్కుతావా?" అన్నాడు.

అక్కడే, కిందే పడుకుని ఉండగానే చెప్పేశాను. మొహాలు కనపడకపోవడం మంచిదైంది. ఫోను సంగతి చెప్పాను. యాభయ్యో మైలు దాకా పోయి వచ్చిన సంగతి చెప్పాను. లొరెట్టా క్షేమంగా ఉందని ముందే చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

"టైర్లు పాతవనుకుంటూనే చరిచావా?"

"చరిచాను."

"రెండూ?"

"రెండూ."

బూట్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రం నాలుగింటికి కుర్చీల దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. నా కుర్చీ తలుపు వెనకే ఉంది. రెండు రోజులు ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్నవి తప్ప మాటల్లేవు. మూడోనాడు షాపుకి ఫోను చేశాడు. మా ట్రెయిలర్‌ని కాటాకి తీసుకెళ్ళాలి, అలమరల్లో ఏమేం పెడతావో పెట్టు అన్నాడు. పెట్టాను.

పది రోజుల తర్వాత ఆరెగాన్ సముద్రం వైపు బయల్దేరాం. మా వరసలో మేమే ఆఖరివాళ్ళం, క్లైడ్ తప్ప. క్లైడ్ ఏదో వేళాకోళమాడుతూ చుట్టూ తిరిగాడు, కొక్కెం చూశాడు, లైట్లు చూశాడు, వెనక్కి వెళ్ళి రెండు చరుపులు చరిచాడు. ఆ చప్పుడు విన్నాక బండి కదలాలి.

వెండెల్ కదపలేదు. ఇంజను ఆపి, కర్ర తీసుకుని దిగాడు. క్లైడ్ మొహం చిన్నబోయింది. నేనేమైనా తప్పు చూశానా అన్నాడు. లేదు క్లైడ్, నువ్వు కాదు అన్నాడు మా ఆయన. ఆ వంగని మోకాళ్ళని ఒక్కోటీ చేత్తో పట్టి దించుకుంటూ ఒక్కో చక్రం దగ్గరా కూలబడ్డాడు, నట్లు తడిమాడు, లేచాడు. నేను బండిలో కూర్చుని అద్దంలో చూస్తూ ఉన్నాను. ఇక ఈ జన్మలో ఎవరి చరుపులూ నమ్మడు. అది నేను చేసింది.

చుట్టూ తిరిగొచ్చి నా తలుపు తీశాడు.

"లోపలి పక్క నేను వంగలేను. నువ్వు దిగి చూడు."

దిగాను. కింద దూరి, నాలుగు చక్రాలవీ అంకెలు ఒక్కోటీ గట్టిగా చదివాను. ఆయన కర్ర మీద వంగి ప్రతి అంకె విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివాను. ఇద్దరం బండెక్కాం.